కుక్కను ఎక్కడ కట్టెయ్యాలె? అడవి దారుల రూల్స్ మన గ్రామసభే రాయాలె

పోస్ట్ పొడుగ్గానే ఉంటది. జర ఓపిక పట్టి చివరిదాకా చదవండి. లైక్ కొట్టి పోయే ముచ్చట కాదు ఇది, సెలవులకు ఊరికి పోయినప్పుడు చెయ్యాల్సిన పని ఒకటి ఇందులో ఉంది.

విషయం ఏందంటే, అడవి దారుల్లో కుక్కలు, ఎడ్లు, మేకలు, గుర్రాలు నడవొచ్చా లేదా అని. చూస్తే చిన్న విషయమే. కానీ మనకు చిన్నది కాదు. అమ్రాబాద్, కవ్వాల్ లాంటి పులుల అడవుల్లో ఇప్పుడు రెండు రకాల మనుషులు నడుస్తున్నారు. శని, ఆదివారాల్లో నగరం నుంచి సఫారీకి, ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లు ఒకరు. అక్కడే పుట్టి తేనెకు, గడ్డలకు, ఇప్పపువ్వుకు, పశువుల మేతకు నడిచేవాళ్లు ఇంకొకరు. రూల్ రాసేవాళ్లు ఇద్దరినీ ఒకే గాటన కడితే నష్టం ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తం. సరదాకు వచ్చేవాళ్ల పెంపుడు కుక్క పులుల అడవిలోకి రావద్దు. అక్కడ బతికేవాళ్ల కుక్క, ఎద్దు, మేక ఉండాలి. కానీ ఇష్టమొచ్చినట్టు కాదు, ఒక రూల్ ప్రకారం ఉండాలి. ఆ రూల్ రాసే అధికారం మన గ్రామసభకు చట్టమే ఇచ్చింది. మనం రాయకపోతే ఇంకెవరో రాసి బోర్డు పాతుతరు.

మేమంటే ఎవరో కూడా చెప్పాలి కదా. శేరిలింగంపల్లిలో ఒక హాస్టల్‌లో ఒకే రూమ్‌లో ఉండే నలుగురం. ఒకరిది నల్లమలలో చెంచు పెంట, ఒకరిది ఆదిలాబాద్ గోండు గూడెం, ఒకరిది లంబాడా తండా, ఒకరిది భద్రాచలం పక్క కోయ గూడెం. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ ముచ్చట మీద రూమ్‌లో వారం రోజులు వాదులాడుకున్నం. చివరికి నలుగురం ఒక మాట మీదికి వచ్చినం.

ముందు మేం ఉండే చోటి సంగతి. ఇక్కడ కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసం ప్రత్యేకంగా ఒక పార్కు తెరిచింది. ఒకప్పుడు చెత్త పోసే జాగా. దాదాపు 1.3 ఎకరాలు, ఖర్చు కోటి రూపాయల పైనే. కుక్కలకు నడక దారి, ఆట సామాను, నీళ్ల తొట్టి, వైద్యం అన్నీ పెట్టారు. దాన్ని మేం తప్పుపట్టడం లేదు, మంచి పనే. నగరంలో కుక్కకు ఒక చోటు కావాలని అడిగారు, చోటు వచ్చింది. అడిగినోళ్లకు రూల్ కూడా వాళ్లకు అనుకూలంగా వస్తదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇదే శేరిలింగంపల్లి మండలంలో కంచ గచ్చిబౌలి ఉంది. అక్కడి 400 ఎకరాల గురించి 2025లో దేశమంతా మాట్లాడింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. అందరి ఫోన్లలో నెమళ్లు, దుప్పులే. కానీ ఆ ఊరి పేరులో ఉన్న 'కంచ' అన్న మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. కంచ అంటే మన తెలంగాణలో పశువులు మేసే బీడు. ఆ పేరు పెట్టినోళ్ల లెక్కలో అది గొడ్లు తిరిగే నేల. జింక, పశువు రెండూ ఒకే నేల మీద బతికిన కాలం ఆ పేరులో ఉంది.

దానికి కొంచెం అవతలే గోపన్‌పల్లి తండా. ఇప్పుడు ఆ పేరు చెప్తే అందరికీ ఫ్లైఓవరే గుర్తుకొస్తది. తండా అంటే మొదట్లో ఇళ్ల గుంపు కాదు, బరువు మోసే ఎడ్ల బిడారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఉత్తరాదిలో బంజారాల తండా ఒకటి చూసి, అందులో 14,000 ఎడ్లు ధాన్యం మోసుకుపోతున్నాయని రాసుకున్నాడు. దక్కన్‌లో లంబాడాలు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం ఎడ్ల వీపు మీదే తిప్పారు. ఎద్దు వీపుకు రెండు పక్కలా వేలాడే ఆ సంచికి తెలుగులో 'పెరిక' అని పేరే ఉంది. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. కానీ చాలాచోట్ల దారిని మొదట తొక్కింది ఆ డెక్కలే. అంటే ఐటీ కంపెనీల మధ్యన ఉన్న ఈ రెండు పేర్లలోనే పశువు, దారి రెండూ ఉన్నాయి.

ఇది పాత ముచ్చట మాత్రమే అనుకోకండి. పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని కొండ ఊళ్ల వాళ్లు ఇప్పటికీ గుర్రాల మీద సరుకు వేసి సంతకు దిగుతారు. ఆదిలాబాద్‌లో మెస్రం వంశం వాళ్లు నాగోబా కోసం జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు, కేస్లాపూర్ జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని వస్తారు. జన్నారం ఇప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యం ప్రాంతం. నల్లమలలో అప్పాపూర్, బౌరాపూర్ లాంటి చెంచు పెంటలు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఉన్నాయి. పెంటలో కుక్క అంటే రాత్రి పూట గోడ. ఎలుగుబంటి వచ్చినా, చిరుత వచ్చినా ముందు చెప్పేది అదే. తేనెకు పోయినోడి ముందు నడిచేది కూడా అదే.

మాలో ఒకరి తాత ఒకసారి సంతకు పోయి పెంటకు తిరిగి పోతుంటే ఒక గేటు దగ్గర ఆపి, "కుక్కను బయట కట్టేసి రా" అన్నారట. తాత అడిగిండట: "ఎక్కడ కట్టెయ్యాలె సారూ? దాని ఇల్లు కూడా లోపలే ఉంది." ఆ గేటు మనిషి మీద మాకు కోపం లేదు. ఆయన చేతిలో ఉన్న రూల్‌లో టూరిస్టు కుక్క ఒకటే ఉంది. తాత కుక్క గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. రాసి లేనప్పుడు గేటు దగ్గర ఎవరుంటే వాళ్ల నోటి మాటే రూల్ అయితది. ఈరోజు ఒకాయన పొమ్మంటడు, రేపు ఇంకొకాయన ఆపుతడు. ఈ తంటా పోవాలంటే కాగితం కావాలి.

ఇప్పుడు చట్టం ఏమంటదో చూద్దాం. కాలేజీకి వచ్చినందుకు మనం చెయ్యగలిగింది ఇదే, చట్టం చదివి ఇంట్లోవాళ్లకు చెప్పుడు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో నేషనల్ పార్కుకు ఒక రూల్, అభయారణ్యానికి ఇంకో రూల్ ఉంది. సెక్షన్ 35(7) ప్రకారం నేషనల్ పార్కులో పశువులు మెయ్యొద్దు, లోపలికే రావద్దు. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. లోపలికి అనుమతి ఉన్న మనిషి ఆ పశువును వాహనంగా వాడితే రావొచ్చు. మన తెలంగాణలో నేషనల్ పార్కులు కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలే. అంటే అన్నిటికన్నా గట్టి రూల్ నగరం పక్కన ఉన్న పార్కులకు.

అమ్రాబాద్, కవ్వాల్ అడవులకు వర్తించేది అభయారణ్యం రూల్. అక్కడ సెక్షన్ 33(డి) ప్రకారం పశువుల మేతను, రాకపోకలను వన్యప్రాణుల మేలు చూసి క్రమబద్ధం చెయ్యొచ్చు, అదుపు చెయ్యొచ్చు, లేదంటే నిషేధించవచ్చు. మూడు మాటలున్నయి చూడండి. నిషేధం అందులో ఒకటి మాత్రమే, అదీ చివరిది. సెక్షన్ 33ఏ ప్రకారం అభయారణ్యంలో, దానికి 5 కిలోమీటర్ల లోపల ఉన్న పశువులకు అంటురోగాల టీకాలు వేయించే ఏర్పాటు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ చెయ్యాలి. టీకా లేని పశువును మేతకు తోలొద్దు. అంటే టీకా మన బాధ్యత ఎంతనో, వేయించే ఏర్పాటు సర్కారు బాధ్యత అంత. 'మీ మేకలతో రోగాలొస్తయి' అని ఎవరన్నా అంటే, 33ఏ కింద మా ఊరికి టీకాల బండి ఎన్నిసార్లు వచ్చిందో రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి.

ఇందులో ఒక వింత ఉంది. ఆ చట్టం పశువులు అంటే ఏవేవో పేర్లు పెట్టి చెప్పింది. బర్రె, ఎద్దు, ఆవు, ఒంటె, గాడిద, మేక, గొర్రె, గుర్రం, కంచరగాడిద, జడలబర్రె, పంది, బాతు, కోడి దాకా ఉన్నాయి. కుక్క పేరు లేదు. మన పెంటల్లో, గూడేల్లో పొద్దుమాపు మనతో ఉండే జంతువుకే ఆ జాబితాలో పేరు లేదు. అందుకే కుక్క విషయం గేటు దగ్గర నోటి మాట మీద నడుస్తున్నది.

ఇక అటవీ హక్కుల చట్టం 2006. సెక్షన్ 3(1)(డి) మేతను సామూహిక హక్కుగా గుర్తించింది. అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా ఆ చట్టం పరిధిలోని అటవీ భూమే. 2008 జనవరి 1న వచ్చిన నియమాల్లో అటవీ ఫలసాయాన్ని అడవిలో మోసుకుపోవడానికి తలమూట, సైకిల్, చేతిబండి అని మూడే రాశారు. ఎద్దు లేదు, గుర్రం లేదు. 2012 సెప్టెంబర్‌లో సవరించి 'తగిన రవాణా సాధనాలు' అని మార్చారు. ఒక్క మాట మారితే ఎడ్లబండికి దారి దొరికింది. కాగితం మీద మాట విలువ ఇంత ఉంటది.

కానీ ఇంకొకటి కూడా చెప్పాలి, మనోళ్లకు నచ్చకపోయినా సరే. అదే చట్టం వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. కుక్కను ఉసిగొల్పి జంతువును తరిమించినా వేట కిందికే వస్తది. కేసు కుక్క మీద కాదు, మనిషి మీద. కాబట్టి 'మన కుక్క, మన అడవి' అని మీసం మెలేస్తే కోర్టులో నిలబడదు.

కోర్టు సంగతి పక్కన పెట్టినా, కుక్క చేసే నష్టం నిజం. 2018 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో గుజరాత్ గిర్ అడవిలో 23 సింహాలు చనిపోయాయి. పరీక్షల్లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో అదే రోగంతో దాదాపు 1,000 సింహాలు పోయాయి, అంటే అక్కడున్న వాటిలో మూడో వంతు. చుట్టుపక్కల ఊరి కుక్కల నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. తర్వాత ఆ ఊళ్లలో కుక్కలకు టీకాలు మొదలుపెట్టారు. అంత దూరం ఎందుకు, 2025 ఏప్రిల్‌లో ఇక్కడే గచ్చిబౌలి యూనివర్సిటీ ఆవరణలో చుక్కల దుప్పి మీద కుక్కలు పడితే అది బతకలేదు. పశువుల గాలికుంటు రోగం దుప్పులకు, అడవిదున్నలకు కూడా అంటుకుంటది. పులి తినే జంతువు తగ్గితే పులి ఊరి మీదికి వస్తది, మళ్లీ నష్టం మన దొడ్డికే. ఇది పులి ప్రేమికుల బాధ అని మనం పక్కకు తోసేస్తే మన ఇంటికే చేటు.

మాలో ఒకరు సాయంత్రం పూట ఒక గేటెడ్ కమ్యూనిటీలో కుక్కలను వాకింగ్‌కు తిప్పే పని చేస్తరు. మెస్ ఖర్చులకు అక్కరకొస్తది. అక్కడ లాబ్రడార్‌కు ఒక పుస్తకం ఉంది. పేరు, ఫోటో, పుట్టిన తేదీ, ఏ టీకా ఏ రోజు వేశారో అన్నీ ఉంటయి, ఆధార్ కార్డు లెక్క. మా ఊరి కుక్కకు ఆ పుస్తకం లేదు, పశువుల డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఒక పూట పడతది. రెండు కుక్కల మధ్య తేడా జాతిలో లేదు, ఆ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మన ఊరికి రావాలె అన్నది మా మొదటి డిమాండ్.

నగరంలో కొందరు మిత్రులు ఒక ప్రశ్న అడుగుతరు. "చెంచు కుక్క తిరగొచ్చు, టీకాలన్నీ వేసి గొలుసుతో తెచ్చిన నా కుక్క ఎందుకు తిరగొద్దు?" న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. జింకకు రెండు కుక్కలూ ఒకటే, అది ఒప్పుకుంటం. తేడా అవసరంలో ఉంది. మీ కుక్కకు ఆదివారం అడవి చూపించకపోతే దాని బతుకు ఆగదు, కొండాపూర్‌లో దానికి పార్కు ఉంది. పెంటలో కుక్క లేకపోతే రాత్రి మనిషి భయపడాలి. ఇంకో సంగతి, అడవిలో కుక్కల లెక్క పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతది. పెంటకు పది కుక్కలుంటే లెక్క పెట్టొచ్చు, టీకాలు వెయ్యొచ్చు. వారం వారం మారే వందల కార్లలో వచ్చే కుక్కల లెక్క ఎవరు పెడతరు?

అమెరికా సంగతి కూడా కొంచెం చూడాలి. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో పెంపుడు కుక్క కాలిదారుల మీదికి పోవద్దు, ఉన్నచోట కూడా ఆరడుగులకు మించని తాడుతో ఉండాలి. బరువు మోసే గుర్రాలకు, కంచరగాడిదలకు మాత్రం దారులు, నియమాలు ఉన్నాయి. మంచి రూల్ అనే అనిపిస్తది. కానీ ఆ నేలకు ముందు కథ ఒకటి ఉంది. అక్కడ బతికిన షోషోని తెగలో కొండగొర్రెలను వేటాడే వాళ్లు సామాను కుక్కల మీదే వేసి నడిచేవారు. 1835లో ఆస్బర్న్ రస్సెల్ అనే బొచ్చు వ్యాపారి లామార్ లోయలో వాళ్లను చూసి, 30 దాకా కుక్కలు సామాను మోస్తున్నాయని రాసుకున్నాడు. 1872లో పార్కు పెట్టారు. తర్వాత కొన్నేళ్లకే వాళ్లు అక్కడ లేకుండా పోయారు, వేరే చోటికి పంపేశారు. ఇవాళ అదే లోయలో కుక్కకు కాలిదారి నిషేధం.

టూరిస్టు కుక్కను ఆపుడు తప్పని మేం అనట్లేదు. ఆ కుక్కతో బతికిన మనుషులను ముందే తీసేశారు కాబట్టి అక్కడ రూల్ రాయడం సులువైంది. మన దగ్గర మనుషులు ఇంకా ఉన్నరు. కవ్వాల్‌లో రాంపూర్, మైసంపేట గూడేలను ఇప్పటికే బయటికి తరలించారు. ఉన్నోళ్లకు ముందు కుక్క వద్దంటే, తర్వాత మేక వద్దంటే, ఆ తర్వాత ఎద్దు వద్దంటే, ఇంక మనిషిని పొమ్మని వేరే చెప్పాల్సిన పని లేదు. తానే మూట కట్టుకుంటడు. కాగితం మీద మాత్రం 'స్వచ్ఛందంగా' అని ఉంటది. మాకు భయం ఇక్కడే.

దీనికి జవాబు గొడవ కాదు, గ్రామసభ. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. సామూహిక అటవీ వనరుల్లోకి రాకపోకలను క్రమబద్ధం చెయ్యడానికి, వన్యప్రాణులకు, అడవికి చెడు చేసే పనిని ఆపడానికి గ్రామసభ తీసుకున్న నిర్ణయాలు అమలయ్యేటట్టు చూసే అధికారం మనకు ఉంది. నియమాల ప్రకారం వన్యప్రాణుల, అడవి రక్షణకు గ్రామసభ తన సభ్యులతోనే కమిటీ వెయ్యొచ్చు. ఆ కమిటీ తీర్మానంలో ఏముండాలో మేం ఒక ముసాయిదా అనుకున్నం. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ఒకటి, సందర్శకుల పెంపుడు జంతువులకు పులుల అడవి లోపల ప్రవేశం వద్దు. మన్ననూరు, జన్నారం లాంటి చోట్ల గేటు బయట నీడ, నీళ్లు ఉన్న జాగా ఉండాలి. దాన్ని చూసుకునే పని స్థానిక పిల్లలకు ఇవ్వాలి. సలేశ్వరం జాతర రోజుల్లో ఈ రూల్ ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే ఆ కొద్ది రోజుల్లో లక్షల మంది అడవి లోపలికి దిగుతరు.

రెండు, ఊరి కుక్కలన్నిటికీ లెక్క, మెడకు పట్టీ, పిచ్చికుక్క రోగం టీకా, డిస్టెంపర్ టీకా, పిల్లలు కాకుండా ఆపరేషన్. అడవిలోకి పోతే మనిషి పక్కనే నడవాలి. పొద్దున, పొద్దుగూకే వేళ జంతువులు నీళ్లు తాగే చోటికి తీసుకుపోవద్దు. వేటకు ఉసిగొల్పితే గ్రామసభ జరిమానా.

మూడు, ఆవులు, మేకలు ఏ దారిన పోవాలో, ఏ నెలలో ఎటు తోలాలో పెద్దలతో కూర్చొని రాయాలి. జబ్బు పశువు ఇంటి దగ్గరే ఉండాలి. ఎండాకాలం పశువులకు వేరే నీళ్ల తొట్టి కావాలి, అప్పుడు జింకలు తాగే చోటికి అవి పోవు. గాలికుంటు టీకా సర్కారు ఉచితంగానే వేస్తది, ఊరికి తెప్పించుకునే తేదీ మనం పట్టుబట్టి అడగాలి.

నాలుగు, బరువు మోసే జంతువులకు బరువు లెక్క. 1965 నుంచే దీనికి కేంద్ర నియమాలు ఉన్నాయి. వీపు మీద గాడిదకు 50 కిలోలు, తట్టు గుర్రానికి 70 కిలోలు, చిన్న ఎద్దుకు 100 కిలోలు మించొద్దు. రోజుకు 9 గంటలు మించి పని చేయించొద్దు, 37 డిగ్రీలు దాటిన ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నడిపించొద్దు. వీపు పుండు ఉన్న పశువు మీద మూట వెయ్యొద్దని మనం కలుపుకుందాం. మన జంతువు కష్టం మనమే పట్టించుకోకపోతే మన మాట ఇంకెవరు నమ్ముతరు?

ఐదు, నాగోబా లాంటి ఆచారాలకు ఎడ్లబండ్లు, కాలిదారులు పేర్లతో సహా తీర్మానంలో ఉండాలి. ఏ బండి బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తదో, ఏ నెలలో నడుస్తదో రాయాలి. ఎవరో దయతలచి ఇచ్చే పర్మిషన్ లెక్క కాదు, హక్కు లెక్క.

మనోళ్లలో కొందరు అంటరు, "మన అడవిలో మనకే రూల్సా?" అని. రూల్ మనకు కొత్త కాదు. కొత్తల పండుగ చెయ్యకుండా కొత్త పంట నోట్లో పెట్టని జాతి మనది. దేవర చెట్టు కొమ్మ విరవని జాతి మనది. పెద్దలు నోటితో చెప్పిన రూల్ గూడెం దాకా సరిపోయింది. ఇప్పుడు గేటు ఉంది, కెమెరా ఉంది, కేసు ఉంది. నోటి రూల్ గేటు దాటి పోదు. అదే రూల్‌ను కాగితం మీద పెట్టుడే మన తరం పని. చదువు నేర్చినందుకు ఇంతకన్నా పెద్ద పని ఏముంది?

ఈ సెలవులకు మేం నలుగురం నాలుగు ఊళ్లలో ఇది మొదలుపెడుతున్నం. మీరూ ఇట్లా చెయ్యండి. మొదటి రోజు ఇల్లిల్లూ తిరిగి కుక్కలు, ఎడ్లు, మేకల లెక్క రాయండి. రెండో రోజు ముసలోళ్లతో కూర్చొని దారుల పేర్లు రాయండి. మన భాషలోనే రాయండి, గోండిలో, కోయలో, గోర్ బోలీలో ఏ పేరుంటే అదే పేరు. దారి పేరు పోతే ఆ దారి మనదని చెప్పుకోవడం కష్టం. ఆడవాళ్లను తప్పకుండా అడగండి, గడ్డలకు, ఆకుకు పోయే దారులు మగోళ్లకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. తర్వాత గ్రామసభలో తీర్మానం చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఒక కాపీ రేంజ్ ఆఫీసుకు, ఒకటి ఐటీడీఏ పీఓ ఆఫీసుకు, ఒకటి పశువుల డాక్టర్‌కు ఇవ్వండి. మూడు చోట్లా రసీదు తీసుకోండి. రసీదు లేకుంటే ఇచ్చినట్టు కాదు.

ముసాయిదా తెలుగులో టైప్ చేసి ఇదే గ్రూపులో పెడతం. గోండి, కోయ, గోర్ బోలీలో చదివి ఆడియో చెయ్యగలిగినోళ్లు ముందుకు రండి, చదవరాని పెద్దలకు వినిపించొచ్చు. పశువుల డాక్టర్ కోర్సు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరన్నా ఉంటే టీకాల భాగం సరిచూడండి. లా చదివే అక్కలు, అన్నలు సెక్షన్లు సరిచూడండి. మీ ఊళ్లో దారుల పేర్లు, ఆ దారిన ఏ జంతువు నడుస్తదో కింద రాయండి. ఎన్ని పేర్లు వస్తాయో చూద్దాం.

జోహార్.